ఏ సెన్సారూ కోయని పేర్లు

1921లో బెజవాడ వేడెక్కి ఉంది. మార్చి నెలాఖరున అఖిల భారత కాంగ్రెస్ కమిటీ సమావేశం అక్కడే జరిగింది. గాంధీజీ వచ్చారు, పింగళి వెంకయ్య తన జెండా నమూనాను ఆయన ముందు పెట్టారు. చీరాల, పేరాలల్లో పురపాలక పన్ను కట్టేది లేదని జనం ఇళ్లకు ఇళ్లే ఖాళీ చేసి ఊరి బయట పాకలు వేసుకున్నారు. అదే ఏడాది బెజవాడలో పోతిన శ్రీనివాసరావు మారుతీ సినిమా హాలు తెరిచారు. ఆ తెర మీద పడడానికి వీల్లేదని సర్కారు తేల్చిన బొమ్మ ఒకటి అప్పుడే బొంబాయిలో తయారైంది. పేరు ‘భక్త విదుర’. కరాచీలో దాన్ని ఆపేశారు. మద్రాసు ప్రభుత్వమూ నిషేధించింది. కోస్తా, రాయలసీమ జిల్లాలు అప్పుడు మద్రాసు ప్రెసిడెన్సీలోవే కాబట్టి తెలుగువాళ్లకూ అది దక్కలేదు. మన దేశంలో నిషేధానికి గురైన మొదటి చిత్రంగా దాన్ని ఈనాటికీ చెప్పుకుంటారు.

కథ మహాభారతంలోదే. రాజ్యాంగ సంస్కరణల ఊసు గానీ, రౌలట్ చట్టం పేరు గానీ అందులో ఎక్కడా లేదు. అసలు మాటలే లేని మూకీ. అయితే కోహినూర్ ఫిల్మ్ కంపెనీ యజమాని ద్వారకాదాస్ సంపత్ విదురుడి వేషం తానే కట్టి, ఖద్దరు తొడిగి, నెత్తిన గాంధీ టోపీ పెట్టుకున్నారు. హాల్లో కూర్చున్నవాడికి ఇంకేం చెప్పనక్కర్లేదు. హస్తినాపురం ఏదో, దుర్యోధనుడు ఎవరో వాడికి తెలిసిపోతుంది. 1918 నాటి సినిమాటోగ్రాఫ్ చట్టం కింద బొంబాయి, కలకత్తా, మద్రాసు, రంగూన్‌లలో సెన్సారు బోర్డులు ఏర్పడి అప్పటికి ఏడాది. జనానికి తెలిసిపోయిందన్న సంగతి వాళ్లకూ తెలిసిపోయింది.

ఇంతవరకూ సినిమా చరిత్ర పుస్తకాలన్నింటిలో ఉంది. చాలా పుస్తకాలు పైపైన దాటేసే సంగతి మరొకటి ఉంది. ఆ చిత్రాన్ని తీసిన దర్శకుడు కాంజీభాయ్ రాథోడ్. దక్షిణ గుజరాత్ పల్లె నుంచి, సూరత్ చుట్టుపక్కల సీమ నుంచి, బొంబాయి చేరిన దళితుడు. స్టిల్ ఫోటోగ్రాఫర్‌గా మొదలుపెట్టి కోహినూర్‌లో దర్శకుడయ్యారు. ఏడాదికి ఎన్నో చిత్రాలు తీసి, వాటితో కంపెనీని నిలబెట్టారు. భారతీయ సినిమాలో నిలదొక్కుకున్న తొలి వృత్తి దర్శకుడు బహుశా ఆయనేనని మూకీల చరిత్రను దశాబ్దాలు తవ్విన వీర్‌చంద్ ధరమ్‌సీ అంచనా.

విదురుడు ఎవరు? దాసీపుత్రుడు. ధర్మం తెలిసినవాడు, నీతి చెప్పినవాడు. అన్నదమ్ముల్లో అందరికంటే తెలివైనవాడని పేరుపడ్డా, పుట్టుక కారణంగా సింహాసనం దరిదాపులకు వెళ్లలేకపోయినవాడు. ఆ పాత్రను ఒక దళిత దర్శకుడు తెర మీద నిలబెట్టాడంటే, అందులో గాంధీ టోపీ ఒక్కటే ఉందని అనుకోవడం కష్టం. కాంజీభాయ్ మనసులో ఏముందో చెప్పే ఉత్తరం ముక్క గానీ ఇంటర్వ్యూ గానీ కనబడదు. సెన్సారు చూసింది టోపీని. చరిత్రకారులు చాలాకాలం చూసిందీ టోపీనే. కెమెరా వెనకున్న మనిషి ఇద్దరి కంటికీ ఆనలేదు.

జనం మాట్లాడుకునే సెన్సారుకు ఒక ఉత్తర్వు ఉంటుంది, ఒక తేదీ ఉంటుంది, ఎక్కడో ఒక ఫైలు మిగులుతుంది. ‘భక్త విదుర’ రీళ్లు లేకపోయినా పేరు బతికింది నిషేధం పుణ్యాన్నే. గూడవల్లి రామబ్రహ్మం ‘రైతుబిడ్డ’ (1939) మీద జమీందార్లు కత్తికట్టారు, ప్రభుత్వం నిషేధించింది, కాబట్టే తెలుగువాళ్లు దాన్ని మరింత గట్టిగా గుర్తుపెట్టుకున్నారు. ఇక రెండో రకం సెన్సారు ఉంది. ఎవరి కులం, ఎవరి ఒళ్లు, ఎవరి వృత్తి తలుచుకోదగ్గవి కావో లోకం నిశ్శబ్దంగా నిర్ణయించుకోవడం అది. దానికి ఫైలుండదు. కోర్టులో సవాలు చేయడానికి ఉత్తర్వూ ఉండదు. కాంజీభాయ్ సీమ అయిన సూరత్ చరిత్రను తిరగేస్తే ఈ రెండోదే ఎక్కువ మందిని మింగింది.

సూరత్‌కు దక్షిణంగా కొద్ది దూరంలో సచిన్ అనే చోటుంది. ఇప్పుడు గుజరాత్ పారిశ్రామికాభివృద్ధి సంస్థ ఎస్టేటు, మగ్గాల షెడ్లు, రంగుల అద్దకం మిల్లులు ఉన్న ప్రాంతం. 1791 నుంచి 1948 దాకా అదొక చిన్న సంస్థానం. పాలించింది సిద్దీలు. తూర్పు ఆఫ్రికా నుంచి బానిసలుగా, సైనికులుగా, నావికులుగా వచ్చి, కొంకణ తీరాన జంజీరా కోటను పట్టి, మరాఠాలకు కొరుకుడు పడని శక్తిగా ఎదిగినవాళ్ల శాఖ. జంజీరా గద్దె మీద హక్కు చెప్పుకున్న సిద్దీ అబ్దుల్ కరీంకు ఆ హక్కు వదులుకున్నందుకు బదులుగా దొరికిన జాగా సచిన్.

సిద్దీలు తెలుగువాళ్లకు కొత్తేం కాదు. హైదరాబాద్‌లో మాసబ్‌ట్యాంక్ పక్కనున్న ఏసీ గార్డ్స్ నిజాం ఆఫ్రికన్ కావల్రీ గార్డ్స్ ఉన్న పేట. వనపర్తి సంస్థానం నుంచి నిజాంకు చేరిన ఆఫ్రికన్ రౌతుల వారసులు ఇప్పటికీ అక్కడున్నారు. వాళ్ల మర్ఫా దరువు లేకుండా పాతబస్తీలో పెళ్లి ఊరేగింపు కదలదు. దరువు అందరికీ తెలుసు. వాయించేవాళ్ల తాతలు ఎక్కడివాళ్లో పట్టించుకునేవాళ్లు తక్కువ.

సచిన్ నవాబు మూడో ఇబ్రహీం మహమ్మద్ యాకూత్ ఖాన్ పేరుతో ముడిపడిన స్త్రీ ఫాత్మా బేగం. 1892లో పుట్టారు. ఉర్దూ రంగస్థలం మీద నటించారు. సుల్తానా, జుబేదా, షెహజాదీ ఆమె కూతుళ్లు. జుబేదా 1911లో సూరత్‌లోనే పుట్టారు. వీళ్లు నవాబు బిడ్డలని సినిమా లోకమంతా చెప్పుకుంది. కానీ నిఖా జరిగినట్టు పత్రం లేదు, బిడ్డలు తనవాళ్లని నవాబు ఒప్పుకున్న దాఖలా లేదు. పత్రికలు మాత్రం ‘రాకుమార్తెలు’ అన్న మాటను మోజుగా వాడుకున్నాయి. ఆ మోజు వెనక అవమానం దాగి ఉంది. రాణి అనిపించుకుంటే తప్ప నటికి గౌరవం లేని రోజులవి.

ఆ రోజులు ఎలాంటివో గుర్తు చేసుకోవాలి. 1870ల మొదట్లో పార్సీ నాటక సమాజాలు ఆడవాళ్లను రంగం ఎక్కించవచ్చా అని కీచులాడుకున్నాయి. దాదీ పటేల్ హైదరాబాద్‌లో నాటకాలాడి, తిరిగి వెళుతూ అక్కడి గాయనులను ‘ఇందర్ సభ’ కోసం బొంబాయి తీసుకుపోతే పెద్ద గొడవైంది. 1913లో ఫాల్కే ‘రాజా హరిశ్చంద్ర’లో తారామతి వేషం వేసింది సాలుంకే అనే మగవాడు. మనవైపు స్థానం నరసింహారావు చీర కడితే జనం నీరాజనాలు పట్టారు. స్త్రీ పాత్రలు స్త్రీలే వేసిన సురభి కుటుంబాల వాళ్లను మాత్రం మర్యాదస్తుల వీధుల్లో వేరుగా చూశారు. మగవాడు ఆడవేషం వేస్తే కళ, ఆడది ఆడవేషం వేస్తే అనుమానం. 1927–28లో రంగాచారి అధ్యక్షతన నడిచిన సినిమాటోగ్రాఫ్ కమిటీ దేశమంతా తిరిగి 353 మంది సాక్షులను విచారించింది. ‘గౌరవ కుటుంబాల’ స్త్రీలు తెర మీదికి ఎందుకు రావడం లేదన్నది అక్కడ పదే పదే నలిగిన చర్చ. అప్పటికే వచ్చి పనిచేస్తున్న స్త్రీలది ఏ రకం కుటుంబమని ఆ ప్రశ్న అర్థం? అది అడిగినవాళ్లకు ఆ ఊహ వచ్చినట్టు లేదు.

కమిటీ కూర్చునే నాటికే ఫాత్మా బేగం దర్శకురాలు. 1922లో ‘వీర అభిమన్యు’తో తెరకెక్కి, నాలుగేళ్లు తిరక్కుండానే సొంత కంపెనీ ఫాత్మా ఫిల్మ్స్ పెట్టి, 1926లో ‘బుల్‌బులే పరిస్తాన్’ తీశారు. భారతదేశంలో ఒక స్త్రీ దర్శకత్వం వహించిన మొదటి చిత్రం అది. దేవకన్యల లోకం, కెమెరా తంత్రాలు, భారీ ఖర్చు. తర్వాత ‘హీర్ రాంఝా’, ‘చంద్రావళి’, ‘శకుంతల’, ‘కనకతార’ వచ్చాయి. ఒకటీ మిగల్లేదు. నిషేధించారా? లేదు. కాల్చేశారా? లేదు. దాచాలని ఎవరికీ అనిపించలేదు, అంతే.

1924లో వచ్చిన కోహినూర్ వారి ‘గులే బకావళి’ మీద ఇంకాస్త ఆగాలి. దర్శకుడు కాంజీభాయ్ రాథోడ్. నటించినవాళ్లలో పద్నాలుగేళ్లు కూడా నిండని జుబేదా ఉంది. దక్షిణ గుజరాత్ దళితుడు, నవాబు ఒప్పుకోని సూరత్ పిల్ల కలిసి చేసిన పర్షియన్ అద్భుత కథ అది, ఆ రోజుల్లో గొప్పగా ఆడింది. 1962లో ఎన్టీఆర్ ‘గులేబకావళి కథ’ తీసి, సి. నారాయణరెడ్డిని పాటల రచయితగా పరిచయం చేసేసరికి ఆ పాత చిత్రం ఊసెత్తేవాళ్లే లేరు.

1931 మార్చి 14న బొంబాయి మెజెస్టిక్ సినిమాలో ‘ఆలం ఆరా’ విడుదలైంది. తొలి భారతీయ టాకీ. జనాన్ని అదుపు చేయడానికి పోలీసులు రావలసి వచ్చింది. కథానాయిక జుబేదా. ఆమె పాత్ర కోటలో పుట్టవలసి ఉండీ కోట బయట బంజారాల మధ్య పెరిగిన పిల్లది. ఆమె సొంత బతుకు తెలిసినవాళ్లకు ఆ కథ కట్టుకథగా తోచి ఉండదు. ఆ చిత్రంలో చిన్న వేషం వేసిన తెలుగు కుర్రాడు అక్కినేని లక్ష్మీవరప్రసాదరావు, మనం ఎల్.వి. ప్రసాద్ అని పిలుచుకునే ఆయన. ఆ చిత్రం తీసిన ఇంపీరియల్ కంపెనీ నుంచే హెచ్.ఎం. రెడ్డి బయల్దేరి ‘భక్త ప్రహ్లాద’ తీశారు. తెలుగు టాకీకి పాలు పట్టిన ఇల్లు అది.

‘ఆలం ఆరా’ కూడా లేదు. 2003లో పుణే అగ్నిప్రమాదంలో చివరి ప్రింటు కాలిపోయిందని పత్రికలు చాలాసార్లు రాశాయి. ఆ మాట తప్పని జాతీయ ఫిల్మ్ ఆర్కైవ్ స్థాపించిన పి.కె. నాయర్ చెబుతూ వచ్చారు. ఆర్కైవ్ చేతికి అది ఎన్నడూ రాలేదు, అంతకు ముందే పోయింది. మంట మీద నేరం మోపడం సుఖంగా ఉంటుంది. నైట్రేట్ రీళ్లలోని వెండి కోసం వాటిని కరిగించి అమ్ముకున్న దశాబ్దాలకు జవాబు చెప్పనక్కర్లేదు. మన దేశంలో తయారైన మూకీలు 1,300 పైచిలుకు. తునకలతో కలిపి లెక్కేసినా ఇప్పుడు మిగిలినవి ముప్పై లోపే.

జుబేదా తర్వాత నానూభాయ్ వకీల్‌తో కలిసి మహాలక్ష్మీ మూవీటోన్ పెట్టారు. హైదరాబాద్ ధన్‌రాజ్‌గిర్ వంశానికి చెందిన నర్సింగ్‌గిర్‌ను పెళ్లాడారు. గోషామహల్ దగ్గరి జ్ఞాన్‌బాగ్ కుటుంబం అది. బొంబాయిలోని ధన్‌రాజ్ మహల్‌లో చివరి రోజులు గడిపి 1988లో కన్నుమూశారు. తొలి టాకీ నాయిక మన హైదరాబాద్ కోడలు. ఆ ముక్క తెలిసినవాళ్లు హైదరాబాద్‌లో ఎందరుంటారు?

మతాంతర వివాహం, నటి అన్న పేరు, సిద్దీ వారసత్వపు ఊహ. ఈ మూడూ ఒకే మనిషిలో కలిస్తే ఆమెను ఎక్కడ పెట్టాలో మన సినిమా జ్ఞాపకానికి తెలియలేదు. 1983లో కమాల్ అమ్రోహీ ‘రజియా సుల్తాన్’ తీసినప్పుడు ఢిల్లీ సుల్తానా కొలువులోని హబ్షీ యోధుడు యాకూత్ పాత్ర వచ్చింది. వేసింది ధర్మేంద్ర, ముఖానికి నలుపు పూసుకుని. యాకూత్ బిరుదు మోసిన నవాబులు సూరత్ పక్కనే నూటయాభై ఏళ్లు ఏలారు. వాళ్ల జాతివాళ్లు గుజరాత్‌లో, కర్ణాటకలో, హైదరాబాద్‌లో వేల మంది ఉన్నారు. అయినా ఆ ముఖాన్ని రంగుడబ్బాలో వెతికారు. దీన్ని వర్ణవివక్ష అనడానికి అప్పట్లో నోళ్లు రాలేదు. ఇప్పుడైనా అనాలి.

ఉత్తర్వుల సెన్సారు సూరత్ సీమను వదిలిందని కాదు. 1930లో దండి అప్పటి సూరత్ జిల్లాలోదే. ఉప్పు యాత్ర మీద బొంబాయి కంపెనీలు తీసిన న్యూస్‌రీళ్లను ప్రభుత్వం నిషేధించింది. మే 21న ధరాసన ఉప్పు కొటార్ల మీదికి సత్యాగ్రహులను నడిపించింది సరోజినీ నాయుడు. లాఠీల కింద తలలు పగలడాన్ని అమెరికన్ విలేకరి వెబ్ మిల్లర్ చూసి పంపిన వార్తను తంతి అధికారులు తొక్కిపెట్టబోయారు. ఆగలేదు. లోకమంతా చదివింది. సరోజినీ దేవి పేరూ నిలిచింది.

సూరత్ తలకెత్తుకున్న నటుడు మరొకరున్నారు. 1938లో అక్కడ పుట్టిన హరిహర్ జెఠాలాల్ జరీవాలా, అంటే సంజీవ్ కుమార్. ఎల్.వి. ప్రసాద్ తెలుగు ‘పునర్జన్మ’ను హిందీలో ‘ఖిలౌనా’గా నిర్మించినప్పుడు పిచ్చివాడి పాత్రలో దేశాన్ని ఏడిపించింది ఆయనే. 1975లో గుల్జార్ ‘ఆంధీ’లో సుచిత్రా సేన్ సరసన నటించారు. నాయిక ఆర్తీదేవి చీరకట్టులో, నెరిసిన జుట్టుపాయలో ఇందిరాగాంధీ కనిపించింది. ఎమర్జెన్సీ రాగానే చిత్రం ఆగిపోయింది. మళ్లీ బయటికి వచ్చింది ప్రభుత్వం మారాకే. విదురుడి టోపీకి, ఆర్తీదేవి జుట్టుపాయకు మధ్య యాభై నాలుగేళ్లు. పాలకులు మారారు, పోలిక కనబడితే కోసే అలవాటు మారలేదు. సంజీవ్ కుమార్ పేర సూరత్ నగరపాలిక ఆడిటోరియం కట్టింది. ఆయన దానికి అర్హుడే.

ఈ శతాబ్దంలో కత్తెర చేతులు మారింది. 2006లో నర్మద నిర్వాసితుల పక్షాన ఆమిర్ ఖాన్ మాట్లాడాడని ‘ఫనా’ను, 2007లో ‘పర్జానియా’ను గుజరాత్ హాళ్ల వాళ్లు వేయలేదు. సెన్సారు బోర్డు అనుమతి ఇచ్చిన చిత్రాలవి, ఉత్తర్వేదీ లేదు. 2017 అక్టోబరులో దీపావళి ముందు సూరత్‌లోని ఒక మాల్‌లో ఒక చిత్రకారుడు ‘పద్మావతి’ సినిమా బొమ్మను రెండు రోజులు కష్టపడి ముగ్గుగా వేశాడు. నినాదాలు చేస్తూ ఒక గుంపు వచ్చి కాళ్లతో చెరిపేసింది. దీపికా పడుకోన్ ఆ ఫోటోలు పెట్టి బహిరంగంగా నిలదీశాక ఐదుగురు అరెస్టయ్యారు. రాణి గౌరవం కాపాడతామన్నవాళ్లు రాణి ముఖాన్నే తొక్కారు.

ఆ తర్వాతిది తెలిసిన కథే. పేరు ‘పద్మావత్’ అయింది, పాటలో నడుము కప్పారు. 2018 జనవరి 18న సుప్రీంకోర్టు గుజరాత్, రాజస్థాన్ ఉత్తర్వులను నిలిపేసినా గుజరాత్ మల్టీప్లెక్సులు భయపడి వేయలేదు. చూడకుండా కొట్లాడడంలో అసలు చర్చ కొట్టుకుపోయింది. ఆ చిత్రంలో ఖిల్జీ మాంసం పీక్కుతినే మృగంలా ఉన్నాడు, ఒక మతం వాళ్ల మీద భయాన్ని పెంచే చిత్రణ అది. సామూహిక ఆత్మాహుతిని కన్నులపండువగా తీయడం ఏమిటని నటి స్వరా భాస్కర్ బహిరంగ లేఖ రాశారు. ఇవి అడగవలసిన ప్రశ్నలు. 1303 నాటి చిత్తోడ్ ముట్టడికి, 1540లో జాయసీ రాసిన ‘పద్మావత్’ కావ్యానికి మధ్య ఉన్న రెండు వందల పైచిలుకు ఏళ్ల గురించి కూడా సూరత్ యువకులు మాట్లాడుకోవచ్చు. అందుకు ముందు సినిమా హాల్లో పడాలి. దుర్మార్గపు చిత్రణను ఎదుర్కోవాలన్నా దాన్ని చూసినవాళ్లే ఎదుర్కోగలరు.

పోయిన రీళ్లు రావు. వాటి నీడలు మాత్రం పత్రికల ప్రకటనల్లో, పాటల పుస్తకాల్లో, సెన్సారు జాబితాల్లో, రంగాచారి కమిటీ సాక్ష్యాల సంపుటాల్లో ఉన్నాయి. ధరమ్‌సీ వాటిని పోగేసి మూకీల పట్టిక తయారు చేయబట్టే కాంజీభాయ్ మళ్లీ దర్శకుడయ్యారు. మిగిలిన పని సూరత్‌ది, కొంత తెలుగువాళ్లది కూడా. తెలంగాణ పల్లెల నుంచి మరమగ్గాల పనికి వెళ్లిన పద్మశాలీ కుటుంబాలు లింబాయత్ వైపు తరాలుగా ఉన్నాయి. వాళ్ల పిల్లల కోసం సూరత్ నగరపాలిక తెలుగు మాధ్యమంలో బడులు నడుపుతోంది. ఆ బడుల్లో స్థానిక చరిత్ర పాఠం ఉంటే, అందులో జుబేదా ఉండాలి: సూరత్‌లో పుట్టింది, దేశపు మొదటి టాకీలో మాట్లాడింది, హైదరాబాద్ ఇంటికి కోడలైంది. ఆమె పక్కనే సొంత కంపెనీ పెట్టిన తల్లి ఫాత్మా, ‘భక్త విదుర’ తీసిన కాంజీభాయ్, కులం, జాతి దాచకుండా, ‘రాకుమార్తె’ ముసుగు లేకుండా ఉండాలి.